ఇంజను కొట్టుకుంటుంటే ముందు ఏం విప్పాలి?

(అనంతపురంలో ఐటీఐ విద్యార్థులు, మైదానాల్లో పనిచేసేవారు, కొందరు చీనీ (బత్తాయి) తోటల రైతుల ముందు ఒక చిన్న ఇంజన్ల మెకానిక్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఆ రెండు ఫ్యాన్లు ఆపేద్దాం. ఎండకాలం ఆపమంటున్నానని ఏమనుకోవద్దు. ఈరోజు మనం మాట్లాడుకునేదంతా చప్పుడు గురించే.

నాకు ఫోను వస్తుంది. "అన్నా, గడ్డి మిషను కొట్టుకుంటోంది. రాడ్డు పోయింది. ఎప్పుడొచ్చి విప్పుతావు?" చూడండి, ఒక్క మాటలో మూడు నిర్ణయాలు అయిపోయాయి. కొట్టుకుంటోంది అన్నది నిజం, చెవులతో విన్నాడు. రాడ్డంటే ఇంజను లోపల పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ. అది పోయింది అన్నది ఎవరు చూశారు? విప్పాలి అన్నది ఎవరు చెప్పారు? నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. చప్పుడు వినగానే స్పానరు పట్టుకోవద్దు. మిషను ఆపండి. తర్వాత బయటి నుంచి లోపలికి రండి. లోపలి నుంచి బయటికి కాదు.

ముందు మిషను గురించి రెండు మాటలు. కూర్చుని నడిపే గడ్డి మిషను, రైడింగ్ మోవర్ అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో దీనితో ఏం పని అని కొందరు అడుగుతారు. 2024 సెప్టెంబరులో మన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి కదా, ఆ పచ్చదనం టీవీలో చూశారా? గడ్డి పెంచినచోట గడ్డి కొయ్యాల్సిందే కదా? కాలేజీల్లో, ఫ్యాక్టరీల ముందు, ఇప్పుడు కొన్ని చీనీ తోటల్లో సాళ్ల మధ్య కూడా ఈ మిషన్లు వచ్చాయి. మిషన్లు వచ్చాయి గానీ వాటి చప్పుడు తెలిసినవాళ్లు ఇంకా తయారు కాలేదు. ఆ పని మీదే తమ్ముళ్లూ.

దీంట్లో ఇంజను పెట్రోలుది, నాలుగు స్ట్రోకులది, గాలితో చల్లబడేది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోహ్లర్, కవాసకి, ఎక్కువగా ఈ పేర్లే కనిపిస్తాయి. ఒక సిలిండరుదైతే సుమారు 500 సీసీ. క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, నిలువుగా ఉంటుంది. పైన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, కింద పుల్లీ, ఆ పుల్లీ నుంచి బెల్టులు. మీకు బైకు ఇంజను తెలుసు కాబట్టి ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. మన మామూలు బైకుల్లో కనెక్టింగ్ రాడ్డు ఉక్కుది, కింది వైపు రోలర్ బేరింగు ఉంటుంది. ఈ గడ్డి మిషన్లలో చాలా వాటికి రాడ్డు అల్యూమినియంది. బేరింగు వేరే ఉండదు. అల్యూమినియమే నేరుగా క్రాంక్‌కు ఉన్న ఉక్కు పిన్ను మీద తిరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఏముంది? ఆయిలు పొర. అంతే, ఇంకేమీ లేదు.

ఫుల్ త్రాటిల్‌లో ఈ ఇంజను నిమిషానికి సుమారు 3600 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 60 చుట్లు. ఆయిలు పొర తెగిపోయి రాడ్డు పిన్నుకు కొట్టుకుంటుంటే, "ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందిలే" అనుకున్న ఆ పది నిమిషాల్లో 36 వేల చుట్లు. ఒక మైదానంలో ఇదే జరిగింది. డ్రైవరు మంచి పనివాడు. చప్పుడు విన్నాడు, కానీ మర్నాడు ఆట ఉంది, మిగిలింది నాలుగు వరసలే. మూడో వరసలో రాడ్డు విరిగి, బ్లాకు పక్కగోడకు నా పిడికిలి పట్టేంత బొక్క పెట్టుకుని బయటికొచ్చింది. ఆయిలంతా గడ్డి మీద. మొదటి వరసలో ఆపి ఉంటే రాడ్డుతో, గాస్కెట్లతో పోయేది. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆపమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే మైదానాల నుంచి వచ్చిన అన్నలకు ముందు ఈ మాట చెబుతున్నాను. కొత్త చప్పుడు వినపడితే తాళం తిప్పి ఆపండి. మిషనును నెట్టుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లండి. ఎవరైనా అరిస్తే నా పేరు చెప్పండి.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కాలేజీ మిషను వచ్చింది. డబ్ డబ్ డబ్ మని బరువైన దెబ్బ. విన్న క్షణంలో రాడ్డే అనుకున్నాను. ఇంజను దించాను, తిప్పి పడుకోబెట్టాను, సంపు, అంటే కింద ఆయిలు నిలిచే తొట్టి, విప్పాను, రాడ్డు తీశాను. పిన్ను అద్దంలా ఉంది. రాడ్డు కొలిచాను, కొత్తదానిలా ఉంది. సరే అని అన్నీ శుభ్రం చేసి, కొత్త గాస్కెట్లు వేసి, బిగించి, ఎక్కించి స్టార్టు చేశాను. అదే దెబ్బ. అదే డబ్ డబ్ డబ్. నాలుగు రోజుల పని. చివరికి నేల మీద పడుకుని చూస్తే, క్రాంక్ కింద పుల్లీ బోల్టు వదులైంది. పుల్లీ దాని కీ మీద, అంటే అది జారకుండా గాడిలో పెట్టే చిన్న లోహపు ముక్క మీద, అటూ ఇటూ కొట్టుకుంటోంది. కొత్త కీ, కొత్త బోల్టు. అరగంట. కూలీ డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ నాలుగు రోజులు వాళ్లకు ఎలా తిరిగి ఇస్తాను? ఆ రోజు నుంచి నా వరస మార్చుకున్నాను. ఆ వరసే మీకు చెబుతున్నాను.

మొదట బయట. తాళం తీసి జేబులో పెట్టుకోండి. స్పార్కు ప్లగ్గు వైరు పీకి పక్కకు కట్టండి. ఇది చెయ్యకుండా మిషను కింద చెయ్యి పెట్టొద్దు. చేతితో బ్లేడు తిప్పితే ఇంజను తిరిగి స్టార్టయ్యే మిషన్లూ ఉన్నాయి. వేళ్లు మళ్లీ రావు నాయనా.

తర్వాత ఇంజను కూర్చున్న బోల్టులు. నాలుగూ చూడండి. ఒక్కటి వదులైనా ఇనుప ఫ్రేము మీద ఇంజను ఎగిరెగిరి కొడుతుంది. అచ్చం రాడ్డు చప్పుడే. తర్వాత కింద పుల్లీ, బ్లేడు క్లచ్ బోల్టు. తర్వాత బ్లేళ్లు, వాటి స్పిండిల్ బేరింగులు. మన నేలల్లో రాళ్లు ఎంతున్నాయో మీకు చెప్పక్కర్లేదు. బ్లేడు వంగి, పైన కప్పిన డెక్కు రేకుకు తగులుతుంటుంది. ఇది తేల్చడానికి తేలిక దారి ఉంది. వైరు పెట్టి, జాగ్రత్తగా స్టార్టు చేసి, ఐడిల్‌లో బ్లేడు క్లచ్ ఒకసారి వేసి తీసి చూడండి. ఆయిలు మట్టం చూసుకున్నాకే సుమా, అదీ పది సెకన్లకు మించకుండా. బ్లేడు వేసినప్పుడే చప్పుడుంటే ఇంజను జోలికి వెళ్లనే వద్దు.

ఆ తర్వాత పైన ఫ్లైవీల్. ఇంజనుకు చల్లగాలి పంపే బ్లోయర్ కవరు విప్పండి. ఎలాగూ విప్పాల్సిందే, ఎందుకో తర్వాత చెబుతాను. ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. క్రాంక్ కదలకుండా ఫ్లైవీల్ ఒక్కటే కొంచెమైనా కదిలిందా? నట్టు వదులైంది. లోపల ఒక చిన్న కీ ఉంటుంది, మెత్తటి లోహంతో చేసింది. కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే అది తెగి క్రాంక్‌ను కాపాడాలని. ఆ కీ సగం తెగితే ఫ్లైవీల్ పక్కకు జరుగుతుంది. దానితో పాటు స్పార్కు టైమింగ్ జరుగుతుంది. అప్పుడు స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎదురు తన్నుతుంది, నడిచేటప్పుడు కొట్టుకుంటుంది. ఎంత ఖరీదు ఆ కీ? మీరు దారిలో తాగిన టీ కంటే కొంచెం ఎక్కువ. దాని కోసం ఇంజను మొత్తం విప్పినవాళ్లు ఉన్నారు.

ఇప్పటికి ఏదీ దొరకలేదు అనుకోండి. ఇప్పుడు ఆయిలు. మిషనును సమతలంగా ఉన్నచోట నిలబెట్టి, ఆయిలు మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీయండి. తక్కువుందా? అది తెలిసిందే. ఎక్కువుందా? చాలామంది ఎక్కువుంటే మంచిదే అనుకుంటారు. కాదు. డిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తోందా? కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ సరిగ్గా మూసుకోక, మిషను ఊరికే నిలబడి ఉన్న రాత్రుల్లో పెట్రోలు సిలిండరులోకి, అక్కడి నుంచి ఆయిల్లోకి దిగింది. ఆయిలు నీళ్లలా పలచబడింది. నేనిందాక చెప్పిన ఆ పొర, రాడ్డుకీ పిన్నుకీ మధ్య ఉన్న ఒకే ఒక్క పొర, అది నిలబడదు. ఇలాంటి మిషనులో ఆయిలు ఒక్కటి మారిస్తే చాలదు. నీడిల్ మార్చాలి, పని అయ్యాక పెట్రోలు ట్యాపు మూసే అలవాటు చెయ్యాలి. లేకపోతే నెలకే మళ్లీ అంతే.

ఆయిలు దించేటప్పుడు మురికి డబ్బాలోకి దించొద్దు. నేను తెల్లటి పళ్లెంలోకి దించుతాను. మన ఎండలో పెట్టి, పళ్లేన్ని మెల్లగా వంచి చూడండి. ఆయిలు జారిపోయినచోట అడుగున మెరుపు కనిపిస్తుందా? పండుగకు పిల్లలు ముఖానికి పూసుకునే మెరుపు పొడిలా సన్నగా, వెండి రంగులో. దాంట్లో అయస్కాంతం తిప్పండి. అతుక్కుంటే ఉక్కు, వాల్వులు తెరిచే క్యామ్ వైపో బేరింగు వైపో అరుగుతోంది. అతుక్కోకుండా మెరుస్తూ ఉండిపోతే అల్యూమినియం. రాడ్డు గానీ పిస్టన్ గానీ. ఇంజను విప్పక ముందే అది మీకు చెప్పేసింది. పళ్లెంలో ఏమీ లేకపోతే నేను ఊపిరి పీల్చుకుంటాను. చిన్న జబ్బే అయి ఉండొచ్చు అని ఆశ.

ఇప్పుడు వినడం. పొడుగు స్క్రూడ్రైవరు తీసుకోండి. మొన ఇంజను మీద, పిడి చెవి ఎముక మీద. చొక్కా చేతులు మడవండి, ఫ్యాను, బెల్టుల దగ్గరికి పోవద్దు. కొత్త ఆయిలు పోశాక, కొద్ది సెకన్లు మాత్రమే. పైన హెడ్ కవరు మీద పెట్టి వినండి, తర్వాత సిలిండరు మధ్యలో, తర్వాత కింద సంపు మీద. దెబ్బ ఎక్కడ గట్టిగా ఉంది? టిక్ టిక్ మని తేలికగా, హెడ్ దగ్గర, ఇంజను వేగంలో సగం వేగంతో వినిపిస్తే అది వాల్వును నెట్టే టాపెట్టు. క్యామ్ రెండు చుట్లకు ఒకసారి కదా తిరిగేది. చల్లగా ఉన్నప్పుడు బోలుగా కొట్టి, వేడెక్కాక తగ్గిపోతే పిస్టన్ సిలిండరు గోడకు కొట్టుకుంటోంది. అరిగిన మాట నిజమే గానీ ఇవాళే కొంప మునగదు. త్రాటిల్ పెంచినప్పుడో, ఠక్కున వదిలేసినప్పుడో, మొద్దు మీద సుత్తితో కొట్టినట్టు కింద నుంచి బరువుగా వస్తే, అప్పుడు రాడ్డు మీద అనుమానపడండి. రెండు సిలిండర్ల ఇంజనైతే ఒక్కో ప్లగ్గు వైరు తీసి, ఎర్త్ చేసి వినండి. ఏ సిలిండరు ఆపితే దెబ్బ తగ్గిందో జబ్బు అక్కడ.

అనుమానం అన్నాను, గమనించారా? ఇంకా నిర్ధారణ కాలేదు. దానికి చేతి పరీక్ష ఉంది. ప్లగ్గు తీయండి. ఒక సన్నటి వెదురు పుల్ల, లోపల విరగనిది, ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ మీద ఆనించండి. ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పి పిస్టన్‌ను సగం దిగిన చోట ఆపండి. ఎందుకు సగంలో? పిస్టన్ పైకొసన ఉన్నప్పుడు ఫ్లైవీల్ కొంచెం తిరిగినా పిస్టన్ దాదాపు కదలదు, అది దాని స్వభావం. ఆ కదలికను చూసి రాడ్డు వదులని మోసపోతారు. సగంలో ఉన్నప్పుడు ఫ్లైవీల్ ఏమాత్రం కదిలినా పిస్టన్ వెంటనే కదలాలి. పుల్ల మీద ఒక వేలు పెట్టి, ఇంకో చేత్తో ఫ్లైవీల్‌ను కొంచెం అటు, కొంచెం ఇటు. ఫ్లైవీల్ కదిలి, పుల్ల కదలక, తర్వాత టక్ మని అందుకుందా? ఆ ఖాళీ మీ వేలికి తెలుస్తుంది. రాడ్డు గానీ పిస్టన్ పిన్ను గానీ అరిగింది. ఇప్పుడు విప్పండి. ఇప్పుడు ఎవరూ మిమ్మల్ని తొందరపడ్డావు అనలేరు.

ఖాళీ ఏమీ లేదు, అయినా దెబ్బ ఉంది. అప్పుడు? హెడ్ ఒక్కటే విప్పండి. పిస్టన్ తల మీద, హెడ్ లోపల మసి గట్టిపడి పేరుకుని, పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా హెడ్‌కు తగులుతుంటుంది. దీన్ని రాడ్డు అనుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. చెక్కముక్కతోనో ఇత్తడి రేకుతోనో గోకండి, ఉక్కు చాకుతో కాదు. కొత్త హెడ్ గాస్కెట్, బోల్టులు పుస్తకంలో చెప్పిన వరసలో. ఇంకొకటి, కొన్ని ఒక సిలిండరు ఇంజన్లలో వణుకు తగ్గించడానికి క్రాంక్ మీద ఒక బరువును లింకులతో అమర్చుతారు. ఆ లింకులు అరిగినా కొట్టుకుంటుంది. అది మాత్రం సంపు విప్పితేనే కనపడుతుంది.

టాపెట్ల సెట్టింగు మీకు బైకుల మీద వచ్చు, దాని మీద టైము పెట్టను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మీ మోడలు పుస్తకంలోని అంకెతో, ఫీలర్ గేజితో. సెట్ చేసినా పది రోజులకే మళ్లీ వదులైతే పుష్ రాడ్డు వంగిందేమో, వాల్వు గైడు జరిగిందేమో చూడండి.

సరే, రాడ్డే అని తేలింది. క్రాంక్ పిన్ను మీద అల్యూమినియం అతుక్కుని ఉంటుంది, గరుగ్గా, మచ్చలు మచ్చలుగా. ఫైలు పెట్టొద్దు. బాత్రూములు కడిగే యాసిడ్ దూదితో అద్దితే అల్యూమినియం బుసబుసమని పొంగి కరిగిపోతుంది, ఉక్కు నిలుస్తుంది. ఆరుబయట, గ్లౌజులు, కళ్లద్దాలతో చెయ్యండి. వెంటనే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, ఆయిలు రాయండి. తర్వాత సన్నటి ఎమరీతో మెరుగు. ఇప్పుడు మైక్రోమీటరుతో పిన్నును రెండు దిక్కుల్లో కొలవండి. గుండ్రంగా ఉంటే కొత్త రాడ్డు. గుడ్డులా అయితే క్రాంక్‌ను లేత్‌ షాపుకు పంపి గ్రైండింగ్, కొన్ని మోడళ్లకు 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తక్కువ సైజు రాడ్డు దొరుకుతుంది. లేకపోతే క్రాంక్ మార్చాలి. అప్పుడు యజమానిని కూర్చోబెట్టి లెక్క చెప్పండి. క్రాంక్, రాడ్డు, కూలీ కలిపితే ఇంజను విలువలో సగం దాటితే నేను వద్దనే చెబుతాను. నాకు పని పోయినా సరే.

రాడ్డు క్యాపు మీద గుర్తులుంటాయి, అవి కలవాలి. తిరగేసి బిగిస్తే పది నిమిషాల్లో పట్టేస్తుంది. టార్కు (బోల్టు ఎంత గట్టిగా బిగించాలన్న అంకె) దగ్గర కళ్లు తెరిచి చదవండి. ఆ పుస్తకాల్లో రాడ్డు బోల్టులకు ఇంచ్ పౌండ్లలో ఇస్తారు. ఫుట్ పౌండ్లు అనుకుని బిగిస్తే పన్నెండు రెట్లు. బోల్టు అప్పుడే తెగితే అదృష్టం, సాగి ఊరుకుని తర్వాత తెగితే మళ్లీ బ్లాకుకు బొక్క.

ఇప్పుడు బ్లోయర్ కవరు మాట. అది విప్పితే సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల, అంటే ఫిన్నుల మధ్య ఏముంటుందో చూడండి. గడ్డి, మన ఎర్ర దుమ్ము, రెండూ కలిసి పిడకలా గట్టిపడి ఉంటాయి. బయట 42 డిగ్రీల ఎండ. గాలి ఆడకపోతే ఆయిలు కాగి పలచబడుతుంది. రాడ్డు ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా కొత్త రాడ్డు వెయ్యడం అంటే, కప్పు కారుతుంటే కింద బకెట్టు మార్చడమే. ఫిల్టరు చూడండి. మన దుమ్ములో ఇసుక ఉంటుంది, ఒక్క చీలిక చాలు. పేపరు ఫిల్టరుకు కంప్రెసర్ గాలి కొట్టొద్దు, కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. చెరువు గట్ల మీద నడిపేవాళ్లున్నారా? చాలా మిషన్ల పుస్తకాల్లో 15 డిగ్రీలకు మించిన వాలు మీద వద్దని ఉంటుంది. బోల్తా పడతారనే కాదు, ఆయిలు ఒక పక్కకు పోయి రాడ్డుకు అందదు.

అడగండి, ఎవరైనా. ఆ వెనక ఉన్న అన్న... గట్టి ఆయిలు పోస్తే చప్పుడు తగ్గుతుందా అంటున్నాడు. తగ్గుతుందన్నా. అదే ప్రమాదం. జ్వరానికి మాత్ర వేసుకుని పొలానికి పోయినట్టు. చప్పుడు పోయింది, అరుగుదల పోలేదు. మీ ఇంజనుకు పుస్తకం చెప్పిన గ్రేడే పోయండి. ఎండలకు ఎక్కువగా ఎస్ఏఈ 30 చెబుతారు.

ఇంకొకరు పెట్రోలు గురించి. మంచి ప్రశ్న. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ ఇంజన్ల పుస్తకాల్లో చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ వల్ల నేరుగా రాడ్డు కొట్టుకోదు. కానీ రబ్బరు భాగాలు పాడవుతాయి, తేమ లాగుతుంది, నిలవుంచితే కార్బురేటర్ పాడవుతుంది. నీడిల్ మూసుకోకపోతే ఆయిల్లోకి పెట్రోలు అని ఇందాక చెప్పాను కదా, దారి అక్కడికే పోతుంది. అందుకే నెల రోజులు మిషను నడపకపోతే ట్యాంకు ఖాళీ చెయ్యండి.

ఆ చివర పాప, ఐటీఐ నుంచే కదమ్మా? కొత్త రాడ్డు వేశాక వెంటనే గడ్డి కొయ్యొచ్చా అంటోంది. కొయ్యొద్దమ్మా. మొదటి అరగంట బ్లేడు వెయ్యకుండా నడుపు, వేగం మారుస్తూ. ఆపి, చల్లారాక ఆయిలు మట్టం చూడు. తర్వాత తేలిక పని. 5 గంటలు నడిచాక ఆ ఆయిలు దించెయ్యి. తెల్ల పళ్లెంలోకే. కొత్తగా కలిసిన భాగాలు కాబట్టి కొంచెం మెరుపు ఉంటుంది, భయపడొద్దు. కొత్త ఆయిలు పోసి, ఇంకో 5 గంటల తర్వాత మళ్లీ దించి చూడు. అప్పుడు పళ్లెం శుభ్రంగా ఉంటే బ్లేడు పూర్తిగా వేసి మైదానంలోకి పంపు.